మైపాడు దాటి... సముద్రం లోపలికి!

నెల్లూరు వాళ్లకి సముద్రం కొత్త కాదు. పొద్దున్నే ఇడ్లీ తిని బయల్దేరితే పట్టణం నుంచి 25 కిలోమీటర్లు, ఎండెక్కక ముందే మైపాడు. కార్తీక మాసం వచ్చిందంటే సముద్ర స్నానాలు, ఆపైన సరుగుడు తోటల్లో వనభోజనాలు. పులిహోర డబ్బాలు, పెరుగన్నం క్యారియరు, పిల్లల తువ్వాళ్లు అన్నీ మోసుకుపోయేది మనమే. తీరా అక్కడికి పోయాక మనం చేసేది ఏమిటి? చీర కుచ్చిళ్లు చేత్తో ఎత్తి పట్టుకుని చీలమండల లోతులో నిలబడి, "ఒరేయ్, ఇంక లోపలికి పోవద్దురా!" అని కేకలు పెట్టడం. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ సముద్రం పక్కనే ఉన్నాం గానీ, ఆ నీళ్ల కింద ఏముందో చూసిన ఆడవాళ్లు మన వీధిలో ఎందరున్నారు చెప్పండి?

ఈమధ్య ఆ ఆశ పుట్టింది. పక్కింటి కొత్త దంపతులు అండమాన్ పోయొచ్చి, వీపున సిలిండరు, మొహాన అద్దాల తొడుగు పెట్టుకుని చేపల మధ్య దిగిన ఫోటోలు చూపిస్తారు. "ఇదేందో మనమూ నేర్చుకోవచ్చా?" అని మనసులో అనుకుంటాం. అంతలోనే నూరు సందేహాలు. ఈత రాదే, నలభై దాటాయే, బీపీ బిళ్లలు వేసుకుంటున్నామే, నీళ్లలో ఊపిరి ఎట్లా ఆడుతుంది, సొరచేప వస్తే? ఇంట్లో అడిగితే అత్తగారు, "ఏందమ్మా, ఈ వయసులో సముద్రంలో మునిగేదేంది?" అంటారు. ఆవిడ అడిగిందాంట్లోనూ న్యాయం ఉంది. అందుకని ఒక్కొక్కటీ చూద్దాం.

ముందుగా, "మన మైపాడులోనే నేర్చుకోకూడదా?" అన్న ప్రశ్న. కూడదు. మన తీరం దీనికి పనికిరాదు. జిల్లాలు మారక ముందు లెక్కలో నెల్లూరు తీరం 169 కిలోమీటర్లు. 2022లో సూళ్లూరుపేట వైపు భాగం తిరుపతి జిల్లాలోకి పోయింది. కావలి దగ్గర తుమ్మలపెంట నుంచి ఇస్కపల్లి, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం మీదుగా కిందికి ఎక్కడ చూసినా ఇసుకే. పెన్నమ్మ సోమశిల దాటి, నెల్లూరు ఆనకట్ట దాటి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. వరదలప్పుడు అది తెచ్చిన ఒండ్రు అంతా ఇక్కడే. అడుగున రాయి లేదు, పగడం లేదు, అలలు కొట్టినప్పుడల్లా ఆ ఇసుకా ఒండ్రూ లేచి నీళ్లని మజ్జిగలా చేస్తాయి. చేపలకి అది మంచిదే. ఒండ్రు ఉన్నచోట మేత ఎక్కువ, మేత ఉన్నచోట చేప ఎక్కువ. మన పులుసు గిన్నెలోకి వంజరం, సందువ వచ్చేది ఈ మురికి నీళ్ల పుణ్యమే. కానీ చూడడానికి దిగినవాళ్లకి అక్కడ చాచిన చెయ్యి కూడా సరిగా కనపడదు. పైగా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, వేట నిషేధం ఉన్న ఆ 61 రోజులు తప్పిస్తే, ఏడాది పొడవునా వలలే. కనపడని నీళ్లలో వల కాలికి చుట్టుకోవడం కంటే ప్రమాదం ఇంకొకటి లేదు.

దక్షిణంగా దుగరాజపట్నం ఉంది. మద్రాసు పుట్టక ముందే, 1626లో, ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్లు వర్తకానికి ఎంచుకున్న ఊరు. వాళ్లు దాన్ని ఆర్మగాం అనేవారు. దానికి ఎదురుగా సముద్రంలో నీళ్ల కింద పొడుగాటి ఇసుక దిబ్బ ఉంది. ఓడలు దానికి తగలకుండా అక్కడ దీపస్తంభం కట్టారు. ఇంకా కిందికి పోతే పులికాట్ సరస్సు. చిలికా తర్వాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు లేదు. అయితే చాలాచోట్ల నడుం లోతే! అందుకే రాజహంసలు అందులో కాళ్లు తడుపుకుంటూ నిలబడి తింటాయి. మనిషి మునగడానికి ఏముంది అక్కడ? జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వచ్చే తాబేళ్లు, వేట నుంచి తిరిగొచ్చే పడవలు, బకింగ్‌హాం కాలవ గట్టు... మన తీరం ఒడ్డున నిలబడి చూసేందుకు చాలా బావుంటుంది. దిగి చూసేందుకు కాదు.

దిగే మాట వచ్చింది కాబట్టి ఇంకోటి చెప్పాలి. స్కూబా నేర్చుకున్నా మానుకున్నా మైపాడు పోయే ప్రతి ఇల్లాలికీ ఇది తెలిసి ఉండాలి. ఒడ్డు పొడవునా అలలు విరుగుతూ ఉంటాయి. మధ్యలో ఒక్కచోట మాత్రం అలలు విరగవు, నీళ్లు నెమ్మదిగా, కాస్త బురద రంగులో ఉంటాయి. చూసి, "ఇక్కడ అల లేదు, పిల్లల్ని ఇక్కడ ముంచుదాం" అనుకుంటాం. అదే అన్నిటికంటే చెడ్డచోటు. ఒడ్డుకి వచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే పాయ అది. దాంట్లో చిక్కితే ఒడ్డు వైపు ఈదకూడదు, ఎంత బలమైన మగవాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకి అడ్డంగా, పక్కకి ఈదాలి. పాయ వెడల్పు తక్కువ, పక్కకి జరిగితే వదిలేస్తుంది. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి అరవాలి. ఇంక చీర. తడిసిన ఆరుగజాల చీర కాళ్లకి చుట్టుకుందంటే తాడు వేసి కట్టినట్టే. స్నానానికి దిగేటప్పుడు పంజాబీ డ్రెస్సు వేసుకోండి. పుణ్యం ఏమీ తగ్గదు.

సరే, మరి ఎక్కడికి పోవాలి? నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు, అక్కడి నుంచి తీరం వెంబడే మరో 150 పోతే పాండిచ్చేరి. అక్కడ స్కూబా నేర్పే బళ్లు ఉన్నాయి. ఇటువైపు రైలెక్కితే విశాఖపట్నం, రుషికొండ. అన్నిటికంటే తేటనీళ్లు మాత్రం అండమాన్‌లోనే. చెన్నై నుంచి విమానంలో పోర్ట్ బ్లెయిర్, 2024లో దాని పేరు శ్రీ విజయపురం అని మార్చారు, అక్కడి నుంచి పడవలో హావ్‌లాక్. దాని పేరూ 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది కాబట్టి భాషకి బెంగ లేదు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అనువైన కాలం.

నన్నడిగితే, డబ్బు సమకూరితే అండమానే పొండి. నీళ్లు తేటగా ఉంటే భయం సగం పోతుంది. అంత వీలు లేకపోతే విశాఖ. నీళ్ల కింద ఎటూ మాటలుండవు గానీ, దిగక ముందు ఒడ్డున చెప్పే జాగ్రత్తలు మన భాషలో వింటే బుర్రకెక్కుతాయి. పాండిచ్చేరి దగ్గరే కానీ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఆ వైపు పెట్టుకోకండి. అది వాయుగుండాల కాలమని మనకి ఒకరు చెప్పాలా? 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి చూడండి.

ఇప్పుడు అసలు సంగతి. నీళ్లలో ఊపిరి ఎట్లా ఆడుతుంది? మన వంటింట్లో గ్యాస్ సిలిండరు ఉంది చూశారూ, దాని మీద రెగ్యులేటరు ఉంటుంది. సిలిండరు లోపల గ్యాసు బలంగా తోసుకుంటుంటే, దాన్ని పొయ్యికి ఎంత కావాలో అంతే వదులుతుంది. స్కూబా సంగతీ అంతే. పేరు కూడా రెగ్యులేటరే! పోలిక ఊరికే కుదరలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో పెట్రోలు దొరకక కార్లని గ్యాసుతో నడిపేవారు. ఆ గ్యాసుని అదుపులో పెట్టే రెగ్యులేటరు ఒకటి ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరు తయారుచేశాడు. జాక్ కూస్టో అనే నేవీ అధికారి ఆయన్ని కలిసి, దాన్ని మనిషి ఊపిరికి తగ్గట్టు మార్పించాడు. 1943లో ఇద్దరూ కలిసి తయారు చేసిన ఆ పరికరమే ఇవాళ్టి స్కూబాకి మూలం. మీరు పీలిస్తేనే గాలి వస్తుంది, వదిలితే బుడగలై పోతుంది.

సిలిండరులో ఆక్సిజను ఉంటుందని చాలామంది అనుకుంటారు. కాదు, మనం పీల్చే మామూలు గాలినే శుభ్రం చేసి కుదించి నింపుతారు. దాని బరువు నిండు గ్యాస్ బండలో సగానికి కాస్త ఎక్కువ. ఒడ్డున నడుము పట్టేస్తుంది గానీ నీళ్లలో దిగాక తెలియదు. ఎంతసేపు వస్తుందంటే, తక్కువ లోతులో స్థిమితంగా ఊపిరి తీసేవాళ్లకి ముప్పావు గంట, గంట. కంగారుపడి గబగబా పీలిస్తే అరగంటకే ఖాళీ. అయిపోయేదాకా తెలియకుండా పోతుందేమోనని బెంగ వద్దు, ఎంత మిగిలిందో చూపించే మీటరు చేతి దగ్గరే వేలాడుతుంటుంది. మీ పక్కనున్న మనిషి సిలిండరుకి ఊపిరి తీసుకునే గొట్టాలు రెండుంటాయి. రెండోది మీ కోసమే.

ఈత రాకపోతే? ఇందులో రెండు దారులున్నాయి. ఒకటి, ఒక్కపూట సరదా. ట్రెయినరు మిమ్మల్ని పట్టుకునే ఉంటాడు, 12 మీటర్ల లోపే తిప్పి తీసుకొస్తాడు. దానికి ఈత రానక్కరలేదు. పక్కింటి కొత్త దంపతులు చేసొచ్చింది ఇదే. రెండోది, మూడు నాలుగు రోజుల కోర్సు. సర్టిఫికెట్ ఇస్తారు, ప్రపంచంలో ఎక్కడైనా చెల్లుతుంది, 18 మీటర్ల దాకా దిగవచ్చు. దీనికి ఈత తప్పదు. ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు ఊరికే తేలాలి. వేగం ఎవరూ చూడరు, పందెం కాదు. పట్టణంలో ఏదైనా ఈతకొలనులో ఆడవాళ్ల వేళలు కనుక్కుని రెండు మూడు నెలలు పోతే వచ్చేస్తుంది. ఒక్కపూట సరదాకే పోతున్నా ఈ ఈత ముందు నేర్చుకోమనే నా సలహా. నీళ్లలో మొహం పెట్టడానికి భయపడే మనిషిని ఎంత మంచి ట్రెయినరైనా ఎంతసేపని పట్టుకుంటాడు?

"వయసు?" పదేళ్లు నిండాలి. పైన హద్దు లేదు. కొరియా దేశంలో జెజు అనే దీవి ఉంది. అక్కడ హెన్యో అనే ఆడవాళ్లు సిలిండరు కూడా లేకుండా, ఊపిరి బిగబట్టి, పది మీటర్ల దాకా మునిగి నత్తలు, సముద్రపు నాచు ఏరుకొస్తారు. వాళ్లలో ఎక్కువమంది అరవై దాటిన అమ్మమ్మలు! 2016లో యునెస్కో వాళ్ల విద్యని ప్రపంచ వారసత్వ సంప్రదాయాల్లో చేర్చింది. అంత దూరం ఎందుకు, మన పక్కనే తమిళనాట రామేశ్వరం దగ్గర పంబన్ దీవిలో మత్స్యకార స్త్రీలు చీర మీదే చొక్కా తొడుక్కుని, వేళ్లకి గుడ్డపీలికలు చుట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకుని నాచు కోసం మునుగుతారు. వాళ్లలో లక్ష్మీ మూర్తి అనే ఆవిడకి 2015లో సీకాలజీ అనే అంతర్జాతీయ బహుమతి వచ్చింది. ఇది వాళ్లకి సరదా కాదు, పొట్టకూడు.

ఇప్పుడు చెవుల సంగతి. మొదటిసారి దిగినవాళ్లు భయపడేది దీనికే. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు బస్సులో చెవులు దిబ్బడ వేస్తాయి కదా, గుటక వేస్తే విడిపోతాయి. నీళ్లలో అది ఇంకా త్వరగా వస్తుంది. ఎందుకంటే నీటి బరువు అంత. కుక్కరు విజిల్ వేసే ముందు లోపల ఎంత ఒత్తిడి ఉంటుందో, సముద్రంలో 10 మీటర్ల లోతున మన ఒంటి మీద దాదాపు అంతే ఒత్తిడి ఉంటుంది. చదరపు సెంటీమీటరుకి ఒక కిలో అదనం. ఒళ్లంతా నీరూ ఎముకా కాబట్టి దానికేమీ కాదు. గాలి ఉన్న చోట్లే, అంటే చెవులు, ముక్కు పక్క గదులు, ఊపిరితిత్తుల్లోనే తేడా తెలుస్తుంది. చెవులకి మందు సులువు. ముక్కు మూసుకుని, నోరు మూసుకుని మెల్లగా గాలి ఊదితే చెవులు విడిపోతాయి. నొప్పి వచ్చేదాకా ఆగకుండా, అడుగు అడుగుకీ చేస్తూ దిగాలి. విడిపోకపోతే కొంచెం పైకి రావాలి. బలంగా మాత్రం ఊదకూడదు, కర్ణభేరికి దెబ్బ. జలుబు ఉన్నరోజు దిగనే కూడదు. ఆవిరి పట్టాను, బిళ్ల వేసుకున్నాను అంటే కుదరదు. బిళ్ల ప్రభావం నీళ్ల అడుగున తగ్గిపోతే పైకి వచ్చేటప్పుడు ఇబ్బంది.

ఊపిరితిత్తుల దగ్గర ఒకే ఒక్క నియమం. ఊపిరి బిగబట్టకూడదు. ఎప్పుడూ కూడదు. నీళ్లంటేనే ఊపిరి బిగబట్టడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు, దాన్ని మానుకోవడమే అసలు చదువు. 10 మీటర్ల దగ్గర నిండా పీల్చిన గాలి, పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. వదలకుండా బిగబట్టి పైకొస్తే ఆ గాలి ఎక్కడికి పోతుంది? నిండా ఊదిన బెలూన్‌లో ఇంకో ఊదు ఊదినట్టే. స్కూబాలో ప్రాణం మీదికి వచ్చేది సొరచేప వల్ల కాదు, ఇట్లా కంగారుపడి ఊపిరి బిగబట్టి పైకి దూసుకురావడం వల్ల.

నెమ్మదిగా రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. గోలీసోడా కొట్టడం చూశారు కదా. గోలీ లోపలికి పడేదాకా సీసాలో బుడగ కనపడదు. ఒత్తిడి తగ్గగానే ఒక్కసారిగా బుసబుసమని పొంగుతుంది. నీళ్ల అడుగున ఉన్నంతసేపూ గాలిలోని నత్రజని మన రక్తంలో అట్లాగే కరుగుతుంది. నెమ్మదిగా వస్తే ఊపిరిలో బయటికి పోతుంది. తొందరపడితే రక్తంలోనే బుడగలు కట్టి కీళ్ల నొప్పుల దగ్గర్నుంచి పక్షవాతం దాకా తెస్తుంది. అందుకే నిమిషానికి తొమ్మిది, పది మీటర్లకి మించకుండా పైకి వచ్చి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగుతారు.

ఇక పోతే, అక్కడ సంతకం పెట్టమనే కాగితం. దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలనుంది. దిగేముందు ఒక ఫారం ఇస్తారు. ఉబ్బసం ఉందా, గుండె జబ్బు, బీపీ, షుగరు, మూర్ఛ, చెవి ఆపరేషను, తరచు తలతిప్పు, గర్భం - ఉందా లేదా అని. 45 దాటినవాళ్లకి ఇంకొన్ని ప్రశ్నలు అదనం. మన ఆడవాళ్లకి ఒంట్లో బాగాలేకపోయినా "ఏం లేదులే" అనడం అలవాటు. ఇంటిల్లిపాదికీ థర్మామీటరు పెట్టి చూసే మనిషి తన జ్వరం మాత్రం చెప్పదు. ఇంతదూరం ఖర్చు పెట్టుకుని వచ్చాం, ఆయన, పిల్లలు ఎదురుచూస్తున్నారు, ఇప్పుడు "ఆయాసం ఉంది" అని రాస్తే దిగనివ్వరేమో అని గబగబా అన్నింటికీ "లేదు" అని టిక్కు పెట్టేస్తాం. ఆ పని చేయకండి! ఉబ్బసం ఉన్న ఊపిరితిత్తుల్లో గాలి చిక్కుకుంటే ఏమవుతుందో పైన చెప్పుకున్నాం. అడుగున మూర్ఛ వస్తే నోట్లోని గొట్టం జారిపోతుంది. "ఉంది" అని రాసినంతమాత్రాన తిప్పి పంపించరు, డాక్టరు చీటీ తెమ్మంటారు, అంతే. అందుకని ప్రయాణానికి నెల ముందే ఆ ఫారం తెప్పించుకుని మన ఊళ్లోనే డాక్టరుకి చూపించండి. బీపీ అదుపులో ఉన్నవాళ్లని చాలాసార్లు డాక్టర్లు పొమ్మంటారు. వద్దంటే మాత్రం వద్దు. పడవలో కూర్చుని పిల్లలకి ఫోటోలు తీసినా అది సముద్రమే. గర్భంతో ఉంటే ఎన్నో నెలైనా సరే దిగకూడదు, అనుమానం ఉన్నా దిగకూడదు. ఇంకోమాట, ఫారం అడగకుండా "రండమ్మా, ఏం కాదు" అని ముందు డబ్బు తీసుకునే చోట దిగకండి. ట్రెయినరు సర్టిఫికెట్ చూపించమని, పడవలో ఆక్సిజను సిలిండరు ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. కూరగాయల దగ్గర అర్ధరూపాయికి గీచి గీచి అడిగేవాళ్లం, ఇక్కడ మొహమాటమేమిటి?

కొన్ని సందేహాలు ఆడవాళ్లం నోరు తెరిచి అడగం. నెలసరి రోజుల్లో దిగవచ్చా? ఒంట్లో ఓపిక ఉంటే దిగవచ్చు. ఆ వాసనకి సొరచేపలు వస్తాయన్నదానికి ఆధారం ఏమీ లేదు. అసలు పాలసొర పుట్టు వండి బాలింతలకి పెట్టే ఊరివాళ్లం, సొరచేపే మనల్ని చూసి భయపడాలి! ఏ బట్టలు వేసుకోవాలి? లోపల ఈత దుస్తులు లేదా బిగుతుగా ఉండే టీషర్టు, లెగ్గింగు, పైన మెడ నుంచి చీలమండ దాకా కప్పే రబ్బరు సూటు వాళ్లే ఇస్తారు. సిగ్గుపడాల్సినది ఏమీ లేదు, పంజాబీ డ్రెస్సు కంటే నిండుగా ఉంటుంది. మంగళసూత్రం తీయనక్కరలేదు, సూటు లోపలే ఉంటుంది. వేలాడే కమ్మలు, గాజులు మాత్రం తీసి హోటల్లో పెట్టండి. మెట్టెలు కాలి తొడుగులో ఒరుసుకుంటాయి, పల్చటి మేజోళ్లు తొడుక్కుంటే సరి. తలకి నూనె వద్దు, మాస్కు జారుతుంది. జడ గట్టిగా వేసి, నుదుటి మీది పిల్ల వెంట్రుకలన్నీ వెనక్కి తీయాలి. మాస్కు అంచు కింద నాలుగు వెంట్రుకలు ఉన్నా నీళ్లు కారుతాయి. కారినా కంగారు వద్దు. తల కొంచెం పైకెత్తి, మాస్కు పై అంచు నొక్కి ముక్కుతో ఊదితే నీళ్లు కింది నుంచి పోతాయి. కోర్సులో నేర్పేవాటిలో ఇదొకటి. కళ్లజోడు ఉన్నవాళ్లకి పవరు అద్దాల మాస్కులు దొరుకుతాయి, ముందే ఫోనులో చెప్పాలి.

తిండి విషయానికి వస్తే, రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు, పల్చటి చట్నీ. పూరీ, వడ, నెయ్యి కారం దోశె తిన్నారా, పడవ ఊగేసరికి బయటికి వస్తాయి. ఖాళీ కడుపూ మంచిది కాదు. అల్లం మురబ్బా ఒక ముక్క బుగ్గన పెట్టుకోండి. నీళ్లు బాగా తాగాలి.

ఖర్చు మాట దాచడం ఎందుకు? ఒక్కపూట సరదాకి ఊరిని బట్టి మనిషికి నాలుగైదు వేల నుంచి, పూర్తి కోర్సుకి పాతిక ముప్పై వేల నుంచి మొదలవుతుంది. ప్రయాణం, బస వేరే. చిట్టీ పాట ఎత్తిన డబ్బుతో ఏటా ఒక నగ చేయించుకునేవాళ్లు ఒక ఏడు ఇటు మళ్లిస్తే సరిపోతుంది. ఆయన్ని ఒప్పించడం మీ పని!

నీళ్ల కింద మాటలు లేవు, చేతి సైగలే. ఇక్కడ పొరబాటుపడితే నవ్వులపాలు. బొటనవేలు పైకెత్తితే "భేష్" అని కాదు, "పైకి పోదాం" అని. చూసిన అందానికి మురిసిపోయి బొటనవేలు ఎత్తారో, ట్రెయినరు మిమ్మల్ని పైకి తీసుకొచ్చేస్తాడు. బావుంది అని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. అక్కడ ఎర్రరంగు ముందే మాయమవుతుంది. అయిదు మీటర్లు దాటేసరికి ఎర్రటి గోళ్లరంగు మట్టిరంగులా కనిపిస్తుంది. చేపలు ఉన్నదానికంటే పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి. దేన్నీ ముట్టుకోవద్దు. పగడపు ముక్క ఒకటి దేవుడి గూట్లో పెట్టుకుందామని తెచ్చారా, వన్యప్రాణి చట్టం కింద నేరం, విమానాశ్రయంలోనే పట్టుకుంటారు.

తిరుగు ప్రయాణం గురించి ఒక్కటి. డైవింగు చేసిన తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి మళ్లీ ఆ గోలీసోడా కథే. కాబట్టి చివరి రోజు దిగడం పెట్టుకోకుండా మార్కెట్టు, మ్యూజియం చూసుకోండి. విమానానికే కాదు, కొండకీ ఇదే లెక్క. పాండిచ్చేరి నుంచి కారులో తిరిగొస్తూ, "ఎట్లాగూ దోవలోనే గదా, సాయంత్రానికి తిరుమల ఎక్కి దర్శనం చేసుకుని నెల్లూరు పోదాం" అనుకునే అలవాటు మనవాళ్లకి ఉంది. తిరుమల రెండువేల ఎనిమిది వందల అడుగుల పైమాట. ఆ రాత్రి కింద తిరుపతిలోనే పడుకుని, మర్నాడు మధ్యాహ్నం దాటాక కొండెక్కండి. దర్శనం టికెట్టు కూడా దానికి తగ్గట్టే తీసుకోండి.